స్టాప్ మూసేశారు, బస్సు ఎక్కడ ఆపాలి? రేకులకు ముందా, దాటాకా?

రోజూ_బస్సే (చర్చ మొదలుపెట్టినవారు)

రోడ్డు పని కోసం బస్టాప్ మూసేసి, తాత్కాలిక స్టాప్ ఎక్కడా పెట్టకపోతే డ్రైవర్ ఏం చేయాలి? హైదరాబాద్‌లో మా వైపు ఇప్పుడు ఇదే నడుస్తోంది. పిల్లర్ల పని కోసం రేకులు అడ్డం కట్టారు. షెల్టర్ ఆ రేకుల లోపలే ఉండిపోయింది. బోర్డు లేదు, బాణం గుర్తు లేదు. కొందరు రేకులకు ఇవతల నిలబడతారు, కొందరు అవతల. బస్సు కనపడగానే అందరూ చెయ్యెత్తుతారు. ఒక డ్రైవర్ ఇవతల ఆపుతాడు, ఇంకొకరు అవతల ఆపుతారు, మరొకరు ఇక్కడ స్టాప్ లేదుగా అని నేరుగా తర్వాతి స్టాప్‌కి పోతారు. ఆ వెనక జనం పరుగు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. స్టాప్ మూసినంత మాత్రాన అక్కడ ఎక్కి దిగే మనుషులు ఎక్కడికీ పోరు, కాబట్టి బస్సు ఆపి తీరాలి. రేకులు దాటాక వచ్చే మొదటి ఖాళీ జాగాలో, ప్రతి బస్సూ అక్కడే ఆపాలి. ఎందుకంటే రేకులకు ముందు రోడ్డు సన్నబడుతుంది, ఎడమ పక్క బండ్లన్నీ కుడికి తోసుకొస్తుంటాయి. అక్కడ ఆగిన బస్సుకు మళ్లీ కదలడానికి సందు దొరకదు. అందుకే డ్రైవర్లు చాలా ముందుగానే కుడికి వచ్చేస్తున్నారు, ఎడమ పక్కన చెయ్యెత్తినవాళ్లు అలాగే ఉండిపోతున్నారు. దాటాక రోడ్డు వెడల్పవుతుంది కాబట్టి బస్సు ఎడమకు ఒదిగి నిలబడొచ్చు.

అయితే దాటాక అంటే రేకుల అంచున కాదు. బస్సు పొడవంతా, అంటే ఓ 12 మీటర్లు ముందుకు వెళ్లాక. రేకుల అంచున ఆపితే ముందు డోర్ బయటపడుతుంది, వెనక డోర్ మాత్రం రేకులకు ఎదురుగా ఉంటుంది. ముందు నుంచి ఆడవాళ్లు బాగానే దిగుతారు. వెనక నుంచి దిగే పెద్దాయనకు మెట్టుకీ రేకుకీ మధ్య కాలు పెట్టే చోటు ఉండదు. ఇది నేను చూస్తూనే ఉన్నాను.

డ్రైవర్లు ఎవరైనా ఉంటే వాళ్ల మాట కూడా వినాలని ఉంది.

బోడుప్పల్_వాసి

మీ లెక్క చిన్న పనులకు సరిపోతుంది. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ (పొడవాటి ఫ్లైఓవర్) పని 2018లో మొదలైంది, ఆరు కిలోమీటర్లకు పైనే. ఇలాంటి చోట రేకులు ఒక్క స్టాప్ దగ్గర ఆగవు. దాటాక ఆపమంటే ఎంత దూరం దాటాక? మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద, పక్కన లారీలు పోతుంటే, రేకుల వెంట ఆ చివరి దాకా నడవాలా?

రేకులకు ముందే ఆపాలి అంటాను నేను. జనానికి అలవాటైన స్టాప్‌కి అదే దగ్గర. బస్సు వెనక ట్రాఫిక్ ఒక నిమిషం ఆగితే ఆగుతుంది. కార్లో కూర్చున్నవాళ్ల నిమిషం కంటే ఆమె నడక ముఖ్యం.

టైముకి_ఆఫీస్

ఇద్దరితోనూ నేను ఏకీభవించను. స్టాప్ లేని చోట ఆపకూడదు, అంతే. తర్వాతి స్టాప్‌లో దిగి వెనక్కి నడుచుకోవాలి. చెయ్యెత్తినచోటల్లా ఆపడానికి ఇది పల్లెవెలుగు కాదు. మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు టికెట్‌కి ఎక్కువ డబ్బులిచ్చేది తొందరగా వెళ్లడానికే. పని జరుగుతున్న రోడ్డులో ఇవతల ఒకసారి, అవతల ఒకసారి ఆపితే బస్సులో ఉన్న అరవై మంది టైము పోతుంది. రోడ్డు మధ్యలో దింపడం ప్రమాదం కూడా.

రోజూ_బస్సే

@టైముకి_ఆఫీస్ చెయ్యెత్తినచోటల్లా ఆపమని నేను ఎక్కడా అనలేదండీ. ఒకే చోట, ఒకేసారి ఆపమంటున్నాను. ఉన్న స్టాపే కాస్త జరిగింది అనుకోండి, మీ టైములో తేడా రాదు. తర్వాతి స్టాప్ నుంచి వెనక్కి నడవమని తేలిగ్గా అంటున్నారు. మా దగ్గర ఆ మధ్యలో ఒక నాలా ఉంది, దాని మీద ఫుట్‌పాత్ లేదు. స్కూలు బ్యాగులతో పిల్లలు ఆ దారిన రావాలి.

స్టీరింగ్_అన్న

ఇరవై ఏళ్ల పైనే బస్సు నడిపాను, ఇప్పుడు రిటైర్ అయ్యాను. డ్రైవర్ మాట వినాలన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మా భయం ట్రాఫిక్ జామ్ కాదు. మా భయమంతా ఎడమ పక్క సందు. స్టాప్‌లో బస్ బే, అంటే రోడ్డు పక్కకు బస్సు ఒదిగి ఆగే జాగా ఉంటే బస్సును అంచుకు ఆనించి ఆపుతాం, ఎడమ నుంచి బండి దూరే వీలుండదు. స్టాప్ మూసినప్పుడు రేకులకీ బస్సుకీ మధ్య మూడు నాలుగు అడుగులు మిగులుతుంది. టూవీలర్‌కి అది చాలు. బస్సు ఆగింది కదా అని సందులోంచి స్పీడుగా వస్తాడు. సరిగ్గా అప్పుడే డోర్ నుంచి ఒకామె కాలు కింద పెడుతుంది. మాకు మిర్రర్‌లో బండి కనిపించేసరికి ఆమె సగం దిగి ఉంటుంది, అరవడం తప్ప చేయగలిగింది లేదు.

అందుకని అనుభవం ఉన్నవాళ్లు ఏం చేస్తారంటే, ఆపేటప్పుడు బస్సు ముక్కు ఎడమకు తిప్పి సందు మూసేస్తారు. వెనక టైరు దగ్గర ఖాళీ ఉన్నా ముందు డోర్ దగ్గర బండి దూరదు. అప్పుడు బస్సు తోక రోడ్డులోకి వస్తుంది, వెనకాల హారన్లు మొదలవుతాయి, పోలీసాయన వచ్చి తీయమంటాడు. చలానా పడితే దానికి సమాధానం చెప్పుకోవాల్సింది డ్రైవరే. దిగే మనిషికి దెబ్బ తగిలితే కేసు కూడా అతని మీదే. స్టాప్ కాని చోట ఎందుకు ఆపావని మొదటి ప్రశ్న వస్తుంది. ఆపకుండా పోతే మహా అయితే ఒక కంప్లయింట్ వస్తుంది. ఈ రెండింటిలో డ్రైవర్ ఏది ఎంచుకుంటాడో మీరే చెప్పండి. ఆపనివాళ్లందరికీ ప్రయాణికుల మీద చులకన అనుకోవద్దు.

ముందా, దాటాకా అంటే నా ఓటు దాటాకకే. బస్సు పొడవంతా దాటాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అది డ్రైవర్ సొంతంగా తేల్చుకునే విషయం కాకూడదు. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఆగే చోట్లు ప్రభుత్వమో, అది అధికారం ఇచ్చినవాళ్లో, స్థానిక సంస్థతో మాట్లాడి నిర్ణయించాలి. ఆ పని వాళ్లు చేయకుండా వదిలేస్తే, ఆ బరువు స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి మీద పడుతోంది.

కండక్టరమ్మ

అన్న చెప్పింది కరెక్ట్. ఇంకో సంగతి. ఇలాంటి రోడ్డులో డ్యూటీ పడితే నేను ఒక స్టాప్ ముందు నుంచే గట్టిగా చెప్తాను, "మూసిన స్టాప్‌లో దిగేవాళ్లు ముందుకు రండి, రేకులు దాటినంక ఆపుతాం" అని. అందరూ ముందు డోర్ దగ్గరికి వస్తే వెనక డోర్ సమస్యే ఉండదు. రద్దీ టైంలో మాత్రం ఇది కుదరదు, మనిషి కదలలేడు.

తర్వాతి స్టాప్‌లో దిగాల్సి వస్తే ఇంకో స్టేజీ టికెట్ కొట్టాలా అని చాలామంది భయపడతారు. స్టాప్ మూసి ఉన్నందుకు ముందుకు వెళ్లినవాళ్ల దగ్గర నేనైతే ఎన్నడూ అదనంగా తీసుకోలేదు.

చేతికర్ర

నాకు చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంటే మీ అందరివీ విన్నాను. ముందా, దాటాకా అన్నదాని కంటే ప్రతిరోజూ ఒకే చోట ఆగడం నాకు ముఖ్యం.

నేను దిగే స్టాప్‌ని రోడ్డు మలుపులతో, స్పీడ్ బ్రేకర్లతో గుర్తుపెట్టుకుంటాను. రెండో బ్రేకర్ దాటాక లేచి నిలబడతాను. దిగాక ఎడమకు ఇన్ని అడుగులు, అక్కడ టీ కొట్టు, అక్కడి నుంచి గోడ పట్టుకుని మా సందు. స్టాప్ వంద మీటర్లు జరిగితే ఆ లెక్క మొత్తం పోతుంది. ఒకరోజు ఇవతల, మర్నాడు అవతల దింపితే నేను ఏ వైపు తిరిగి ఉన్నానో కూడా నాకు తెలియదు.

రేకుల గురించి ఒకటి చెప్పాలి. చాలా చోట్ల వాటిని నేలకు ఆనించరు, కింద జానెడు సందు ఉంటుంది. నా కర్ర ఆ సందులోంచి లోపలికి పోతుంది, అక్కడ ఏ అడ్డూ లేదనిపిస్తుంది. మరుక్షణం ముఖానికి రేకు తగులుతుంది. కింద ఒక చెక్క అడ్డంగా కడితే చాలు, నాకు గోడలా తెలుస్తుంది. ఖర్చెంత?

2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్‌లో బస్టాప్‌లలో మాకు సౌకర్యాలు ఉండాలని రాసి ఉంది. పని జరుగుతున్నప్పుడు ఆ మాట చెల్లదని అందులో ఎక్కడా లేదు.

బోడుప్పల్_వాసి

@చేతికర్ర అన్నా, చెక్క సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. మా దగ్గరి సైట్ వాళ్లతో ఈ మాట తప్పకుండా చెప్తాను.

ఈస్ట్‌హామ్_తెలుగు

లండన్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ స్టాప్ మూస్తే గుర్తు మీద పసుపు రంగు తొడుగు వేస్తారు, స్టాప్ మూసి ఉందని దాని మీదే రాసి ఉంటుంది. చాలా చోట్ల దగ్గర్లో ఒక తాత్కాలిక స్తంభం పెడతారు. బరువైన దిమ్మ మీద నిలబెట్టిన కర్రలాంటిది, పని ఎటు జరిగితే అటు జరపొచ్చు. దాన్ని డాలీ స్టాప్ అంటారు. బస్సులో కూడా తర్వాతి స్టాప్ మూసి ఉందని రికార్డు చేసిన గొంతు చెప్తుంది.

అంతా బాగుందని కాదు. ఒకసారి మూసేశాక ఆ స్టాప్‌లో డ్రైవర్ మామూలుగా ఆపడు. ట్రాఫిక్‌లో బస్సు సరిగ్గా అక్కడే ఆగిపోయినా, బతిమాలినా చాలామంది తలుపు తీయరు. వానలో తర్వాతి స్టాప్ దాకా నడవాల్సిందే. పని అయిపోయాక కూడా తొడుగు తీయడం మర్చిపోయిన స్టాప్‌లు ఉంటాయి, బస్సులు ఆగకుండా పోతుంటాయి. ఇక్కడి డ్రైవర్లు కూడా స్టీరింగ్_అన్న చెప్పిన కారణమే చెప్తారు, ఏదైనా జరిగితే బాధ్యత మాదే అని. తేడా అల్లా, ఎక్కడ నిలబడాలో ప్రయాణికుడికి ముందే తెలుస్తుంది.

సైట్_ఇంజనీర్

రోడ్డు పనుల్లో ఉన్నవాడిని కాబట్టి మా వైపు నుంచి చెప్తాను. పని జరిగే చోట ట్రాఫిక్ ఎలా నడిపించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ) మార్గదర్శకాలు ఉన్నాయి, ఎస్‌పీ 55 అంటాం. బారికేడ్లు, రాత్రి మెరిసే లైట్లు, ముందు హెచ్చరిక బోర్డులు, రోడ్డు సన్నబడే చోట ఎంత దూరం నుంచి వాలుగా తేవాలి, నడిచేవాళ్లకు దారి, అన్నీ ఉంటాయి. వీటిని తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తారు, లేకపోతే బిల్లు దగ్గర ఇబ్బంది. బస్టాప్ విషయానికి వచ్చేసరికి రోడ్డు ఒకరిది, షెల్టర్ ఇంకొకరిది, బస్సు మరొకరిది, ట్రాఫిక్ పోలీసులది. స్టాప్ ఎక్కడికి జరపాలో నలుగురూ కలిసి చెప్పాలి. మాకు రాతపూర్వకంగా ఒక చోటు చూపిస్తే, నేల చదును చేసి బోర్డు పాతడం సగం పూట పని. అడిగినవాళ్లు లేక మేం చేయం. చేయకపోవడం సరైనదని నేను అనను.

టైముకి_ఆఫీస్

మన దగ్గర నలుగురు కలవడం జరిగే పని కాదు. అందుకే మూసిన స్టాప్ వదిలెయ్యమంటున్నాను.

స్టీరింగ్_అన్న

జరిగే పనే తమ్ముడూ. 2025 సెప్టెంబర్ 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చాయి. ఒక్క స్టాప్ కాదు, నగరంలోకెల్లా పెద్ద బస్టాండే మూతపడింది, అదీ బతుకమ్మ, దసరా రద్దీలో. తెల్లారేసరికి ఏ వైపు బస్సు ఎక్కడో చెప్పేశారు. కరీంనగర్, ఆదిలాబాద్, మెదక్ వైపు జేబీఎస్ నుంచి, వరంగల్, హనుమకొండ వైపు ఉప్పల్ క్రాస్‌రోడ్స్ నుంచి, నల్గొండ, సూర్యాపేట, విజయవాడ వైపు ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు, బెంగళూరు వైపు ఆరాంఘర్ నుంచి. జనం ఇబ్బంది పడలేదనను. కానీ ఎటు పోవాలో తెలిసింది. ఒక్క రాత్రిలో అంత చేయగలిగినవాళ్లకు నెలల ముందు తెలిసే రోడ్డు పనికి ఒక బోర్డు పెట్టడం కష్టమా?

టైముకి_ఆఫీస్

వరద వస్తే పైనుంచి కింద దాకా అందరూ కదులుతారు. మా సందు చివర స్టాప్ కోసం ఎవరు కదులుతారన్నా? నా అనుమానం అక్కడే. బోర్డు నిజంగా పెడితే, ఒకే చోట ఆపితే, ఎక్స్‌ప్రెస్ ఆపినా నాకు అభ్యంతరం లేదు.

రోజూ_బస్సే

అయితే మన మధ్య తేడా తగ్గింది. బోడుప్పల్_వాసి గారి అమ్మగారి విషయం మాత్రం నాకు తెగడం లేదు. రేకులు బాగా పొడవున్న చోట మధ్యలో ఒక ఖాళీ వదిలి అక్కడ ఆపే వీలుంటుందా ఇంజనీర్ గారూ? బస్సు ఎక్కడుందో గమ్యం యాప్‌లో చూసుకుంటున్నాం. ఎక్కడ ఆగుతుందో కూడా తెలిస్తేనే కదా ఆ సమాచారం పనికొచ్చేది.

నేను డిపో మేనేజర్‌కి, సైట్ ఆఫీసుకి, ట్రాఫిక్ స్టేషన్‌కి ఒకే ఉత్తరం ఇవ్వబోతున్నాను. మా కాలనీ వాళ్లు సంతకాలు పెడతామన్నారు. అందులో ఏం రాయాలి?

సైట్_ఇంజనీర్

పిల్లర్ పని పూర్తయిన చోట రేకులు లోపలికి జరపొచ్చు. చాలా సైట్లలో సామాను పెట్టుకోవడానికి అలాగే ఉంచేస్తారు. ఏ పిల్లర్ల మధ్య పని అయిపోయిందో చూసి, ఆ చోటే అడగండి. అక్కడ బస్సంత పొడవు జాగా దొరికితే అమ్మగారికి నడక తగ్గుతుంది.

స్టీరింగ్_అన్న

ఉత్తరంలో "స్టాప్ పెట్టండి" అని మాత్రమే రాస్తే ఫైల్లో పడుంటుంది. చోటు మీరే చూపించండి. పిల్లర్ మీద నంబర్ ఉంటుంది, అది రాయండి, ఫోటో పెట్టండి. పిల్లర్ నంబర్ చెప్తే డ్రైవర్‌కి, కండక్టర్‌కి, ప్రయాణికుడికి అందరికీ ఒకటే గుర్తు. డిపోలో ఆ నంబర్ నోటీసు బోర్డు మీద రాయించి, డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లకు చెప్పమని అడగండి. అప్పుడు అక్కడ ఆపిన డ్రైవర్‌ని ఎవరూ తప్పుపట్టలేరు.

బోడుప్పల్_వాసి

రాత్రి తొమ్మిది దాటాక ఆ పిల్లర్ దగ్గర చీకటిగా ఉంటే ఆడపిల్లలు నిలబడరు. వీధి దీపం వెలిగే పిల్లరే చూడండి మేడమ్.

చేతికర్ర

రేకుల కింద చెక్క సంగతి కూడా ఆ ఉత్తరంలో రాయండి. నా సంతకం కావాలంటే వచ్చి పెడతాను.