లంబసింగి, గండికోట: రెండిటికీ ఒకే టెంట్ సరిపోతుందా?

ప్రశ్న:
డిసెంబరులో లంబసింగి, జనవరిలో గండికోట. ఇద్దరం, రెండు పెద్ద బ్యాగులు. ఒకే పొర ఉన్న ‘ఇద్దరి టెంట్’ చవగ్గా దొరుకుతోంది. కొనొచ్చా?

జవాబు 1:
ఒకే పొరది వద్దండి. లంబసింగి చలికి మన ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీళ్లై కారుతుంది, తెల్లారేసరికి దుప్పట్లు తడి. చాలామంది అది లీకేజీ అనుకుని సీలెంట్ పూస్తారు, లాభం ఉండదు. లోపల జాలీ, పైన విడిగా ఫ్లై (వాన, మంచు ఆపే పై గుడ్డ) ఉన్నది తీసుకోండి. ఫ్లై ఎక్కడా లోపలి పొరకు తగలకుండా బిగించాలి. చలి అని వెంట్లు (గాలి ఆడే కిటికీలు) మాత్రం మూయకండి! ‘ఇద్దరి’ అంటే రెండు పరుపులు పట్టేంతే. బ్యాగులు ఉన్నాయి కాబట్టి ముగ్గురిది కొనండి.

జవాబు 2:
గండికోట లోయ అంచున అంతా రాయి, మేకులు దిగవు. పోల్స్ మీద దానంతటదే నిలబడే డోమ్ రకమే కావాలి. మేకులకు బదులు టెంట్ తాడు చివరను చిన్న రాయికి కట్టి, దానికి టెంట్ వైపున తాడు మీద పెద్ద రాయి పెట్టండి. లాగినకొద్దీ చిన్నది పెద్దదానికి ఆనుకుని బిగుస్తుంది. గాలి ఎక్కువైతే ఫైబర్‌గ్లాస్ పోల్ చీలుతుంది, అల్యూమినియం చాలావరకు వంగి ఊరుకుంటుంది. డబ్బు అల్యూమినియం పోల్స్ మీద పెట్టండి. అంచుకు బాగా దూరంగా వేయండి.

ప్రశ్న అడిగినవారు:
కింద టార్పాలిన్ వేయాలా?

జవాబు 1:
వేయండి. అన్ని వైపులా టెంట్ కన్నా 2 అంగుళాలు లోపలికి మడవాలి. బయటికి ఉంటే ఫ్లై నుంచి కారిన నీళ్లు దాని మీద పడి టెంట్ అడుక్కి చేరతాయి.