అప్‌డేట్: అమ్మ కడుపుబ్బరానికి కారణం మెంతులేనా?

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడే మా అమ్మకు నానబెట్టిన మెంతులు మొదలుపెట్టాక కడుపుబ్బరం, విరేచనాలు అని ఇక్కడ అడిగాను కదా. "ముందు మాత్ర సంగతి చూడండి" అన్నవాళ్లకు థాంక్స్ అండీ, అదే నిజమైంది. గుంటూరు అరండల్‌పేటలో డాక్టర్ గారు పాత చీటీ చూడగానే పట్టేశారు: అదే నెలలో మెట్‌ఫార్మిన్ డోసు 500 మి.గ్రా. నుంచి 1000కి పెరిగింది. మందును మెల్లగా వదిలే ఎస్‌ఆర్ మాత్రకు మార్చి, రాత్రి భోజనంతో వేసుకోమన్నారు. విరేచనాలు ఆగాయి. గ్యాస్‌లో మాత్రం మెంతుల వాటా ఉందట; వాటి పీచును పేగుల్లోని బ్యాక్టీరియా పులియబెడుతుంది. అందుకే గుప్పెడు మానేసి, అర చెంచాతో మళ్లీ మొదలెట్టాం. మాత్రకు అవి బదులు కాదని గట్టిగానే చెప్పారు. పెరుగు మానడం, ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్స్ వల్ల ఏ తేడా రాలేదు. గోంగూర మీద నింద వేసిన అన్నయ్యకో మాట: అమ్మ దాన్ని మానలేదు, మానదు కూడా.