‘షుడ్డ’లో చివర ఆ ‘అ’ ఉందా, లేదా?

నల్లగొండ నుంచి:
నాలుగు రోజులుగా ఒక్క మాట చెవిలో తిరుగుతోంది. నేను ఇంటి నుంచే పని చేస్తాను. మంగళవారం రాత్రి కాల్‌లో అమెరికా మేనేజర్ ఒక ఫైలు గురించి ‘యూ షుడ్డ సెనిట్’ అన్నారు. ‘షుడ్ సెండ్ ఇట్’ అనుకొని కాల్ అయిపోగానే పంపేశాను. ఇప్పటిదాకా జవాబు లేదు. ‘షుడ్ హావ్ సెంట్ ఇట్’ అన్నారేమో, అంటే ముందే పంపాల్సుండె అన్నారేమో అని ఒకటే టెన్షన్. షుడ్ తర్వాత చిన్న ‘అ’ వినబడ్డట్టే గుర్తు. నిజంగా అది ఉందా, నా చెవే కల్పించుకుందా?

పాలమూరు మాస్టారు:
ఉంది. ‘హావ్’ అక్కడ పూర్తిగా పలకదు. ముందు హ పోయి ‘అవ్’ మిగులుతుంది, మాట జోరందుకుంటే వ కూడా పోయి ఉత్త ‘అ’ మిగులుతుంది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే ‘షుడ్ ఆఫ్’ అని తప్పు రాస్తుంటారు, చెవికి అట్లా తగులుతుంది కాబట్టి. ఇక సెంట్, సెండ్ తేడా మీకు దొరకదు. అమెరికా వాళ్ల నోట ‘ట్వెంటీ’ ‘ట్వెనీ’ అయినట్టే ‘సెంట్ ఇట్’ ‘సెనిట్’ అవుతుంది. మీకు మిగిలిన ఆధారం ఆ ‘అ’ ఒక్కటే.

మిర్యాలగూడ నుంచి:
మాస్టారూ, అంత తొందరగా ఖాయం చేయకండి. లారా డిల్లీ, మార్క్ పిట్ 2010లో చేసిన ప్రయోగం ఇలాంటి చిన్న మాటల మీదే. ‘లీజర్ ఆర్ టైమ్’ అని వచ్చే వాక్యంలో ‘ఆర్’ ఉన్న ముక్కను అలాగే ఉంచి, దాని చుట్టూ ఉన్న మాటలను మాత్రం సాగదీసి వినిపించారు. చాలాసార్లు విన్నవాళ్లకు ‘ఆర్’ మాయమైపోయింది. శబ్దం టేపులోనే ఉంది, చెవికే లేదు. అసలు ‘ఆర్’ లేని చోట చుట్టూ ఉన్న మాటలను వేగం చేస్తే, కొందరికి లేని ‘ఆర్’ వినబడింది. కాబట్టి మేనేజర్ ఆ ఒక్క మాట ఎట్లా పలికారని కాదు, మిగతా వాక్యం ఎంత వేగంగా అన్నారని అడగాలి.

సూర్యాపేట నుంచి:
దానికి ముందు ఏమన్నారో గుర్తుందా తమ్మీ? డచ్ భాష మీద మిర్యామ్ ఎర్నెస్టస్ బృందం 2002లో రాసిన వ్యాసం ఉంది. బాగా నలిగిన మాటలను కోసి విడిగా వినిపిస్తే విన్నవాళ్లు 52 శాతమే పోల్చుకున్నారు. పూర్తి సందర్భంతో వినిపిస్తే అది 92 శాతానికి చేరింది. ఒక్క ‘షుడ్డ’ను పట్టుకొని కూర్చుంటే తేలదు.

దేవరకొండ టీచర్:
నాకు ఆయన ఇంగ్లీషు కంటే మీరు రాసిన ‘పంపాల్సుండె’ మీదికి మనసు పోయింది. పంపవలసి ఉండెను అన్నది ఎంత నలిగింది చూడండి! అయినా ‘పంపాలె’కూ దీనికీ ఏ చెవీ పొరబడదు. మనం నలిపినా రెండు మూడు అక్షరాలు నిలబెడతాం, ఇంగ్లీషు ఒక్క ‘అ’ మీద అంత బరువు పెడుతుంది. ఇంకొకటి. వచ్చినది నలిగి ‘వచ్చింది’ అయితే పత్రికలన్నీ రాస్తాయి. వచ్చినాడు అదే తీరుగా నలిగి ‘వచ్చిండు’ అయితే నా చిన్నప్పుడు నోట్‌బుక్‌లో ఎర్ర గీత పడేది. నడుమ అచ్చు పోవడం రెండిట్లోనూ ఒకటే.

గద్వాల నుంచి:
టీచరమ్మా, ‘వచ్చిండు’ నలిగిన మాట అంటే నేను ఒప్పుకోను. పాత శాసనాల్లో ‘వాండు’ అని నిండు సున్న ఉంది. తర్వాత అది అరసున్నతో ‘వాఁడు’ అయింది, ఆ పైన అదీ పోయి ‘వాడు’ మిగిలింది. మిగతావాళ్లు పోగొట్టుకున్న సున్నను మన పాలమూరు నోరు ‘వచ్చిండు’లో దాచి పెట్టుకుంది. అది అరుగుదల కాదు, ఆస్తి.

దేవరకొండ టీచర్:
వినడానికి బాగుంది గానీ, ‘వచ్చిన్రు’ను ఏం చేస్తారు? వారు అన్న మాటలో ఎన్నడూ సున్న లేదు. వచ్చినారులో ‘నా’ దీర్ఘం పోతేనే ఆ పొల్లు న మిగులుతుంది. బహువచనంలో అట్లా వచ్చిన న, ఏకవచనంలో శాసనం నుంచి వచ్చిందా?

గద్వాల నుంచి:
మా దిక్కు ‘వచ్చిండ్రు’ కూడా అంటారు. ‘వాండ్రు’ తెలియని మాట కాదు కదా.

పాలమూరు మాస్టారు:
ఒకటి మరిచాం. పద్యంలో అక్షరం మింగితే వెంటనే దొరికిపోతాం. వేమన మకుటాన్ని పిల్లలు తొందరలో ‘వినవేమ’ అని చదువుతారు. ఆటవెలది నాలుగో పాదంలో అయిదూ సూర్యగణాలే ఉండాలి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ‘వినుర’ నగణం. ‘ఉర’ తీసేస్తే నాలుగో గణమే కూలిపోతుంది. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించేదాకా ఈ పద్యాల్లో ఎన్నో నోటి మీదే నడిచాయి, వాటిని కాపాడినవి ఆ గణాలూ యతీ. వేమన పేరు వస్తే నేను ఆగలేను, మన్నించండి.

మిర్యాలగూడ నుంచి:
కానీ మాస్టారూ, పిల్లలు మింగేది సరిగ్గా ఆ పాదాన్నే ఎందుకు? వినేవాళ్లకు ముందే తెలుసు కాబట్టి. ఫిలిప్ లీబర్‌మన్ 1963లోనే చూపించారు. ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్’ అనే సామెతలోని నైన్‌ను కోసి వినిపిస్తే సరిగా పోల్చుకోలేకపోయారు. ‘మీరు వినబోయే అంకె నైన్’ అనే వాక్యంలోంచి కోసినదాన్ని బాగా పోల్చుకున్నారు. ఊహకు అందే చోట నోరు బద్ధకిస్తుంది. మేనేజర్ కూడా మీకు సంగతి ముందే తెలుసనుకొని ఉంటే ‘హావ్’ మింగే ఉంటారు.

నల్లగొండ నుంచి:
దానికి ముందు ‘యా, నో, అయ్ మీన్’ అన్నారు, అంతే గుర్తుంది. వేగంగానే అన్నారు. సోమవారం మళ్లీ కాల్ ఉంది, కానీ ఆ మాట మళ్లీ ఎట్లా అడగాలో తెలియడం లేదు.

సూర్యాపేట నుంచి:
ఫైలు అందిందా అని అడగండి. మాట సంగతి దానంతటదే వస్తుంది.

గద్వాల నుంచి:
టీచరమ్మా, రాత్రంతా మీ ‘వచ్చిన్రు’ గురించే ఆలోచించాను. మా అవ్వ ‘వచ్చినడు’ అనేది, న మీద అచ్చుతో, దీర్ఘం లేకుండా. మీ లెక్క ప్రకారం అది వచ్చినాడుకూ వచ్చిండుకూ నడిమి మెట్టు. అయితే అదే అవ్వ మా తాత గురించి చెప్పేటప్పుడు మాత్రం ‘వచ్చిండు’ అనేది. ఒకే నోట రెండూ ఎట్లా ఉన్నాయి?