వాట్సాప్‌లో చీరలు అమ్మడానికి ఏం రాయాలి? లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావట్లేదు

మగ్గంవారమ్మాయి:
మాది మంగళగిరి. నాన్న గుంట మగ్గం మీద నేస్తారు, అమ్మ కండెలు చుడుతుంది. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్‌కి నేస్తే కూలీ తప్ప ఏం మిగలట్లేదని, నెలకి కొన్ని చీరలైనా నేరుగా అమ్ముదామని నేను వాట్సాప్ గ్రూపు పెట్టాను. 140 మంది ఉన్నారు, ఎక్కువగా టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. నిన్నటి పోస్టు ఇది:

“సంప్రదాయ సౌందర్యానికి ప్రతీక! మన చేనేత వారసత్వం! ప్రీమియం క్వాలిటీ మంగళగిరి కాటన్ చీర. రూ.2,200 మాత్రమే. త్వరపడండి, స్టాక్ పరిమితం!”

11 లైకులు, నాలుగు దండాలు, ఆర్డర్ సున్నా. రాసింది నేనే అయినా ఏదో షాపు కరపత్రం చదువుతున్నట్టుంది. ఏం మార్చాలి?

ఆటోమైకు:
16 ఏళ్లు బట్టల షాపులకి కరపత్రాలు, ఆటో మైకు ప్రకటనలు రాసినవాణ్ణి. మీ పోస్టులో మంగళగిరి తీసేసి ఉప్పాడ అనో వెంకటగిరి అనో పెట్టి చదవండి. ఇంకొక్క అక్షరం మార్చక్కర్లేదు. అదే దాని జబ్బు. “స్టాక్ పరిమితం” అన్నది ఒక్క మగ్గమున్న ఇంట్లో నిజమే, కానీ ఆ మాట రోజూ వినీ వినీ జనం నమ్మడం మానేశారు. “నాన్న మూడు రోజులకి ఒక చీర నేస్తారు, ఈ రంగులో రెండే ఉన్నాయి” అనండి. చెప్పేది అదే, కానీ మగ్గం కనబడుతుంది.

ఇంకో పని. బేరం దాకా వచ్చి కొనకుండా వెళ్లినవాళ్లు ఏం అడిగారో పాత చాట్లు తీసి చూడండి.

చాక్‌పీసు:
మీరు చెప్పిన టీచర్ల బాపతే నేను. వారసత్వం కోసం చీర కొనను, ఉన్నమాట చెప్తున్నా. పిల్లలకి బాక్సులు సర్ది ఏడున్నర బస్సు పట్టుకోవాలి. ప్రతిసారీ గంజి పెట్టాలా? జాకెట్టు ముక్క ఉందా, లేక మళ్లీ మ్యాచింగ్ సెంటర్ చుట్టూ తిరగాలా? రంగు దిగుతుందా? పోయినేడు వేరేచోట కొన్న ఎర్ర చీర, పక్కన నానేసిన మా ఆయన తెల్ల చొక్కాని గులాబీ చేసింది. ఆయన దాన్ని ఇప్పటికీ ఇంట్లో వేసుకుని నాకు కనబడేలా తిరుగుతుంటారు. అప్పట్నుంచి ‘ప్రీమియం’ అంటే నాకు భయం.

నీలికండె:
చేనేతేనని నమ్మేదెలా? హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే దాని ఫొటో పెట్టండి. లేదంటే అంచు చివర దగ్గరగా తీయండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా బిగించే కర్రకి సూదులుంటాయి కదా, వాటి సన్నటి రంధ్రాలు కనబడతాయి.

మగ్గంవారమ్మాయి:
చాట్లు తీశాను. రంగు దిగుతుందా అని ఏడుగురు అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చి, పోస్టులో మాత్రం వారసత్వం అని రాసుకున్నా! ఇవాళ ఇలా పెట్టాను, అంచు ఫొటోతో సహా:

“ఏడున్నర బస్సుకి వెళ్లేవాళ్ల కోసం. 80 నంబరు సన్న నూలు, ఒంటి మీద తేలిగ్గా ఉంటుంది. ఒళ్లంతా సాదా, నిజాం అంచు (చిన్న చిన్న గోపురాల వరస). జాకెట్టు ముక్క చీరతోనే వస్తుంది. పడుగుకి, అంటే నిలువు దారాలకి, పట్టించిన గంజి వల్ల మొదట కాస్త బిరుసు, రెండు ఉతుకులకి మెత్తబడుతుంది. ఆ తర్వాత గంజి మీ ఇష్టం, ఇస్త్రీ మాత్రం తప్పదు. నెమలి నీలం అమ్మ ఉతికి చూసింది, దిగలేదు. ముదురు ఎరుపు మొదటిసారి కొంచెం దిగుతుంది, విడిగా ఉతకండి. నాన్న మూడు రోజులకి ఒకటి నేస్తారు. రంగుకి రెండే ఉన్నాయి. రూ.2,200.”

నాన్నకి చదివి వినిపిస్తే, “రంగు దిగుతుందని మనమే చెప్పుకోవాలా?” అని మగ్గం ఆపి మరీ అడిగారు. పోస్టు పెట్టి గంటైంది. నీలం ఒకటి వెళ్లింది. ఇంకో ఇద్దరు జాకెట్టు ముక్క ఎంతుంటుందని అడుగుతున్నారు. 80 సెంటీమీటర్లు. అది రాయడం మర్చిపోయా, ఎడిట్‌కి టైమ్ కూడా దాటిపోయింది.