సాహిత్యం అర్థం కాకుండా ఆల్బమ్ బాగుందో లేదో చెప్పొచ్చా?

బరంపురం బేస్

ఈ మధ్య నా దగ్గరికి మూడు ఆల్బమ్‌లు చేరాయి. ఢిల్లీ రాక్ బ్యాండ్ ఇండియన్ ఓషన్ వాళ్ళ ‘కందిసా’ (2000), ఐస్‌లాండ్ బ్యాండ్ సిగుర్ రోస్ 2002లో తెచ్చిన పేరులేని ఆల్బమ్ కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో దొరికాయి. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ద క్యూర్ వాళ్ళ ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ (2024) మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. వీటి మీద నా అభిప్రాయం ఈ చర్చావేదికలోనూ, మా ఊరి మిత్రుల గ్రూపులోనూ రాశాను; ‘కందిసా’లోని ‘మా రేవా’ పాట మీద మాత్రం ఒక్క వాక్యమే. గ్రూపులో ఒకాయన, “నీకు ఇంగ్లీషు పాటలో సగం మాటలు పట్టవు, మిగతా రెండిట్లో అసలేమీ తెలియదు, ఇక అభిప్రాయం ఏమిటి?” అన్నాడు. ఆ ప్రశ్న ఇక్కడ అందరి ముందూ పెడుతున్నాను. చెప్పొచ్చనే నా వాదన.

క్యూర్ ఆల్బమ్‌లో మొదటి పాట ‘అలోన్’లో గొంతు వినబడటానికే మూడు నిమిషాలు పైన పడుతుంది. అప్పటిదాకా డ్రమ్ములు, వాటి వెనక కీబోర్డు, బరువుగా లాగే బేస్ గిటార్, అంతే. చివరి పాట ‘ఎండ్‌సాంగ్’లో ఆరు నిమిషాలు దాటాక గానీ గాయకుడు రాబర్ట్ స్మిత్ నోరు విప్పడు. పదహారేళ్ళ తర్వాత కొత్త ఆల్బమ్ తెచ్చినవాళ్ళు ఇంత తాపీగా మొదలుపెట్టారంటే, ముందు వాద్యాల్ని వినమనే కదా. ఎవరో పోయారన్న దిగులు నాకు ఆ డ్రమ్ములే చెప్పేశాయి.

సిగుర్ రోస్ సంగతి ఇంకా తేట. ఆ ఆల్బమ్‌లో ఎనిమిది పాటలు, ఒక్కదానికీ పేరు లేదు. అట్ట మీద రెండు బ్రాకెట్ల ఆకారం కత్తిరించి ఉంటుంది. పాడింది ఏ భాషా కాదు, గొంతుకు అనువుగా వాళ్ళు కల్పించుకున్న అక్షరాలు. లోపలి పుస్తకంలో కాగితాలు ఖాళీ, విన్నవాళ్ళు తమకు తోచింది రాసుకోవడానికి. నాకు దొరికిన కాపీలో పాత యజమాని ఎవరో పెన్సిల్‌తో బెంగాలీలో నాలుగు లైన్లు రాసుకున్నారు. ఆ రాసినవాళ్ళను కూడా “మీకు అర్థం కాలేదు, రాయకండి” అంటామా?

సిరొంచ ప్రాణహిత

అన్నా, మీరు రాసింది బాగుంది గానీ మీరు ఎంచుకున్న ఉదాహరణలే మీకు అనుకూలమైనవి. మాటలే లేని ఆల్బమ్‌ని తెచ్చి మాటలు అక్కర్లేదంటే ఎలా?

నేను చదివింది మరాఠీ మీడియం. ఇంట్లో తెలుగు, భజనలో అభంగాలు, అంటే మరాఠీ భక్తిపాటలు. చిన్నప్పుడు తుకారాం అభంగాలు తాళానికి చప్పట్లు కొడుతూ పాడేవాణ్ణి, ఏమీ తెలియదు. తొమ్మిదో తరగతిలో మాస్టారు ఒక్కొక్క పాదం విడమరిచి చెప్పాక అదే పాట వేరే పాటైంది. అందులో తుకారాం దేవుణ్ణి నిలదీసి పోట్లాడుతున్నాడని అప్పుడు తెలిసింది. రాగం మాత్రమే తెలిసినప్పుడు అది నాకు మెత్తని భక్తిపాట.

మీరు ‘కందిసా’ కొన్నారు కదా. అందులో ‘మా రేవా’ ఉంది. రేవా అంటే నర్మద. ఆ బ్యాండ్ బేస్ గిటారిస్టు రాహుల్ రామ్, నర్మద మీద పెద్ద డ్యాముల్ని వ్యతిరేకించిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. ఆ సంగతి తెలియకుండా వింటే అది హుషారైన నది పాట. తెలిసి వింటే, గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ నీళ్ళు పొలాల్లోకి వస్తున్నాయని ఏళ్ళ తరబడి మొత్తుకున్న మా సిరొంచ తాలూకా (మహారాష్ట్ర) రైతులకు అది ఇంకోలా తగులుతుంది. మీ అభిప్రాయంలో ఆ పాట మీద ఒక్క వాక్యం, “గ్రూవ్ (లయలోని ఊపు) అదిరింది” అని. అది అన్యాయం కాదా?

రాయగడ రైల్వే కాలనీ

అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌కి 2016లో నోబెల్ ఇచ్చింది సాహిత్యానికి, గిటార్‌కి కాదు. నా ఓటు సిరొంచ తమ్ముడికే.

పర్లాకిమిడి

గిటార్ నేర్పేదాన్ని కాబట్టి నా వైపు నుంచి ఒక మాట. రాక్‌లో గొంతుని ఎక్కడ పెట్టాలన్నది మిక్సింగ్‌లో, అంటే రికార్డు చేసిన ధ్వనుల్లో ఏది ఎంత వినబడాలో చూసి కలిపేటప్పుడు, తీసుకునే నిర్ణయం. మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బ్యాండ్ ‘లవ్‌లెస్’ (1991) వినండి. గొంతుని గిటార్ల హోరు కిందికి కావాలనే తోసేశారు, ఇంగ్లీషు వాళ్ళకే ఆ మాటలు పట్టవు. అలాంటి ఆల్బమ్‌కి లిరిక్స్ వెతుక్కుని చదివి మార్కులు వేయడం వాళ్ళు చేసిన పనిని పక్కన పెట్టడమే. డిలన్ పాటలో గొంతు ముందుంటుంది, అక్కడ మాట తెలియాల్సిందే. అన్నిటికీ ఒకే కొలబద్ద పెట్టకండి.

ఇంకొకటి. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధనకి ఏటా వందల మంది కూర్చుని ఆయన ఐదు పంచరత్న కృతులు పాడతారు. అందులో నాలుగు తెలుగు కృతులు. పాడేవాళ్ళలో, వినేవాళ్ళలో తెలుగు రానివాళ్ళే ఎక్కువ. వాళ్ళు విని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే “మీకు ఆ హక్కు లేదు” అని మన తెలుగువాళ్ళం అనగలమా?

సిరొంచ ప్రాణహిత

అక్కా, కళ్ళనీళ్ళు వద్దని నేనెందుకంటాను? కానీ ‘ఎందరో మహానుభావులు’లో పదాన్ని విరవకూడని చోట విరిచి పాడితే మనకు ఎంత బాధ కలుగుతుందో మీకు తెలుసు. రాగం ఎంత గొప్పగా పలికినా ఆ బాధ పోదు. నేనడిగేది ఇదే: విని ఆనందించడం వేరు, ఆల్బమ్ గొప్పదో కాదో నలుగురికీ చెప్పడం వేరు.

బరంపురం బేస్

అక్క చెప్పిన మిక్సింగ్ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. తమ్ముడు చెప్పిన త్యాగరాజ కృతి విషయం మాత్రం పాడేవాడికి వర్తిస్తుంది, వినేవాడికి కాదు. పాడేవాడు మాట తెలుసుకుని తీరాలి, ఎందుకంటే దాన్ని ఇంకొకరికి అందించే బాధ్యత అతనిది. వినేవాడికి ఆ బాధ్యత లేదు. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. తెలుగు వీధుల నుంచి వచ్చి రాత్రంతా ఆ డప్పుల దగ్గర నిలబడే ముసలమ్మల్లో ఒడియా సరిగా రానివాళ్ళున్నారు. ఏ రాత్రి మేళం బాగా కుదిరిందో, ఏ రాత్రి డీలా పడిందో పొద్దున్నే వాళ్ళు చెప్పే తీర్పు తప్పదు.

‘కందిసా’ టైటిల్ పాటనే తీసుకోండి. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన అది, భాష సిరియాక్. ఢిల్లీ బ్యాండ్ దాన్ని పాడితే దేశమంతా విన్నది. అందులో ఎంతమందికి సిరియాక్ వచ్చు? అసీమ్ చక్రవర్తి, రాహుల్ రామ్ గొంతులు కలిసి పైకి లేచే చోట అది ప్రార్థన అని ఎవరూ చెప్పక్కర్లేదు.

క్యూర్ ఆల్బమ్‌లో ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’ని రాబర్ట్ స్మిత్ తన అన్న రిచర్డ్ మరణం గురించి రాశాడని నేను విన్న తర్వాతే చదివాను. చదివాక దిగులు పెరిగింది, నిజమే. కానీ పియానో మీద ఆ నాలుగు స్వరాలు తిరిగి తిరిగి వస్తుంటేనే నా గొంతు పట్టేసింది, అది చదవకముందు.

‘మా రేవా’ విషయంలో తమ్ముడు అడిగింది న్యాయం. ఆ పాట మీద నువ్వే రాయి, గోదావరి ఒడ్డు నుంచి. నేను రాసిన ఒక్క వాక్యం తీసేసి దాని స్థానంలో నీది పెడతాను. మిగతా రెండు ఆల్బమ్‌ల మీద నా మాట నాదే.