‘వంతుకు ఒకసారి’ అంటే ఎవరి వంతుకు? రోగ్ స్నీక్ అటాక్ మీద సందేహం

లంకగట్టు (అమలాపురం):

అందరికీ నమస్కారం. అమలాపురంలో మేము ఐదుగురం ఆదివారాల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి పాచికలతో ఆడే కథల ఆట) ఐదవ ఎడిషన్‌ను, 2014 నాటి నియమాలతో, పూర్తిగా తెలుగులోనే ఆడుకుంటున్నాము. నడిపించేది నేను. మా కథ ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలైన 1847కు ముందరి లంకల్లో సాగుతుంది. ఇంగ్లీషు నియమాలు చదవడం ఇబ్బందిగా ఉన్న ఇద్దరి కోసం క్లాసుల (పాత్రల రకాల) సామర్థ్యాలన్నిటినీ నేనే తెలుగులో రాసి కాగితాలు ఇచ్చాను. పోయిన వారం తగవు ఆ కాగితం దగ్గరే వచ్చింది.

వశిష్ఠ దాటుతున్న పంటు మీద పోరాటం జరుగుతోంది. ఐదవ లెవెల్ రోగ్‌గా (చాటుగా దెబ్బతీసే పాత్రగా) ఆడుతున్న అమ్మాయి తన వంతులో దొంగల నాయకుణ్ణి రేపియర్ అనే సన్నని కత్తితో పొడిచి, స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టిన దెబ్బకు అదనపు నష్టం చేర్చే రోగ్ సామర్థ్యం) కింద మూడు ఆరుముఖాల పాచికలు అదనంగా వేసింది. తరువాత నాయకుడు తన వంతు రాగానే ఆమె పక్క నుంచి తప్పుకొని పంటు అంచుకు పరుగెత్తాడు. ఆమె తన రియాక్షన్‌తో (ఇతరుల వంతులో కూడా చేయగల ప్రతిచర్యతో) ఆపర్చ్యునిటీ అటాక్ (పక్క నుంచి తప్పుకొనే శత్రువును కొట్టే దెబ్బ) చేసింది, దెబ్బ తగిలింది. అప్పటికి నాయకుడికి ఐదడుగుల లోపే మా ఫైటర్ (యోధుడి పాత్ర) నిలబడి ఉన్నాడు కాబట్టి స్నీక్ అటాక్ షరతు కూడా నెరవేరింది. ఆమె మళ్ళీ మూడు పాచికలు అందుకోబోతే నేను ఆపాను, ఎందుకంటే నా కాగితంలో ‘తన వంతులో ఒకసారి’ అని ఉంది. మూలంలో ‘వంతుకు ఒకసారి’ అని మాత్రమే ఉందని, ఇప్పుడు నడుస్తున్నది నాయకుడి వంతు కనుక తనకు కొత్తగా అవకాశం వచ్చిందని ఆమె వాదన. ఒకే రౌండులో (అందరి వంతులూ ఒక్కోసారి వచ్చే చుట్టులో) రెండుసార్లు స్నీక్ అటాక్ చేయడం నియమానుసారమేనా?

కొబ్బరినీడ (పాలకొల్లు):

మీ ఆటగత్తె చెప్పినదే సరైనదండి. మూలంలో లేని ‘తన’ అనే మాటను మీ అనువాదం చేర్చింది, తీర్పంతా ఆ ఒక్క మాట మీదనే నడిచింది. నియమాలు రాసినవారికి ఈ తేడా తెలియక కాదు. అదే 2014 పుస్తకంలో క్లెరిక్‌కు (పూజారి పాత్రకు) ఎనిమిదవ లెవెల్‌లో వచ్చే డివైన్ స్ట్రైక్ (ఇది కూడా దెబ్బకు అదనపు నష్టం చేర్చేదే) చూడండి, అక్కడ ‘మీ ప్రతి వంతులోనూ ఒకసారి’ అన్న అర్థం వచ్చేలా స్పష్టంగా రాశారు. సొంత వంతుకే పరిమితం చేయదలచుకున్న చోట అలా చేసినవారు స్నీక్ అటాక్ దగ్గర ఆ మాట పెట్టలేదు. 2008లో వచ్చిన నాలుగవ ఎడిషన్ పుస్తకంలో ఇదే సామర్థ్యానికి ‘రౌండుకు ఒకసారి’ అనే హద్దు ఉండేది. ఐదవ ఎడిషన్‌లో అది ‘వంతుకు’ అయింది, 2024 సవరణలో కూడా అలాగే నిలిచింది.

బోదెగట్టు (ముమ్మిడివరం):

కొబ్బరినీడ గారు చూపించిన ఆధారాలను కాదనను, కానీ లంకగట్టు గారు పొరబడడానికి కారణం మన భాషలోనే ఉందని నాకు అనిపిస్తోంది. దాళ్వాకు నీరు చాలని సంవత్సరం కాలువలకు వంతులవారీగా వదులుతారు కదా, పక్క ఊరి వంతు నడుస్తుండగా మనం మన బోదె తెరిస్తే ఎవరూ ఒప్పుకోరు. మనకు వంతు అంటే దానికి ఒక హక్కుదారు ఉన్నట్టే లెక్క. అందుకే ‘వంతుకు ఒకసారి’ అని ఉన్నదున్నట్టు రాసినా వినేవాళ్ళు ‘నా వంతుకు’ అనే వింటారు.

నా అసలు అభ్యంతరం న్యాయం గురించి. సామర్థ్యపు బోనస్ నాలుగు ఉందనుకుంటే ఆ రోగ్ దెబ్బ స్నీక్ అటాక్‌తో కలిపి సగటున 19. పెద్ద కత్తి పట్టిన ఐదవ లెవెల్ ఫైటర్‌కు, పోరాట శైలిని లెక్కలోకి తీసుకోకపోతే, రెండు దెబ్బలూ తగిలినా సగటు 22. రోగ్‌కు రౌండులో రెండు స్నీక్ అటాక్‌లు అనుమతిస్తే 38 అవుతుంది. ఫైటర్‌గా ఆడేవారికి ఇది కష్టంగా ఉండదా?

కొబ్బరినీడ (పాలకొల్లు):

బోదె పోలిక చాలా సరిగ్గా చెప్పారు, నాకు ఆ ఆలోచనే రాలేదు. ఈ ఆటలో మాత్రం వంతు ఎవరి ఆస్తీ కాదు. రౌండు అంటే ఆరు సెకన్లు, అందరి వంతులూ ఆ ఆరు సెకన్లలోనే జరుగుతాయి. ఎవరి వంతు నడుస్తున్నా, ఒక వంతు ముగిసి మరొకటి మొదలైతే స్నీక్ అటాక్ హద్దు కూడా కొత్తగా మొదలవుతుంది.

38 అనే అంకె విషయానికి వస్తే, అది ప్రతి రౌండులో వచ్చేది కాదు. శత్రువు తనంతట తాను ఆమె అందుబాటు నుంచి కదిలిపోవాలి. అతడు డిస్ఎంగేజ్ (దెబ్బకు చిక్కకుండా తప్పుకొనే చర్య) చేసి కదిలితే అవకాశమే ఉండదు. విల్లు చేతిలో ఉంటే ఆపర్చ్యునిటీ అటాక్ కుదరదు. ఆ దెబ్బకు అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) దానంతట అదే రాదు కనుక, పక్కన తోటివారు ఉండడం లాంటి షరతు మళ్ళీ నెరవేరాలి. వీటన్నిటికంటే నేను ముఖ్యమనుకునేది వేరే ఉంది. ఐదవ లెవెల్‌లోనే రోగ్‌కు అన్‌కానీ డాడ్జ్ వస్తుంది, తనకు తగిలిన దెబ్బ నష్టాన్ని అది సగానికి తగ్గిస్తుంది. దానికీ కావలసింది ఆ ఒక్క రియాక్షనే, అది మళ్ళీ తన వంతు మొదలైతే గాని తిరిగి రాదు. నాయకుణ్ణి పొడిచిన ఆమె, మిగిలిన దొంగలు తన మీద పడితే ఆ రక్షణ లేకుండానే నిలబడాలి. అది చిన్న మూల్యం కాదు.

బోదెగట్టు (ముమ్మిడివరం):

అన్‌కానీ డాడ్జ్ సంగతి నేను లెక్కలో వేసుకోలేదండి. నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇక కాగితంలో ‘వంతుకు ఒకసారి’ అని మాత్రం రాయవద్దు, తగవు మళ్ళీ వస్తుంది.

లంకగట్టు (అమలాపురం):

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాగితంలో ‘తన’ కొట్టేసి, ‘ఎవరి వంతు నడుస్తున్నా సరే, ఆ ఒక్క వంతులో ఒకసారికి మించకుండా’ అని రాశాను. డివైన్ స్ట్రైక్ కాగితంలో ‘తన’ ఉండవలసిందే కనుక దాన్ని అలాగే ఉంచాను. ఆపర్చ్యునిటీ అటాక్‌లో రేపియర్ దెబ్బ వరకూ తీసివేస్తే నాయకుడికి మిగిలింది 7 హిట్ పాయింట్లు (ప్రాణబలం). ఆ రోజు నా తీర్పు వల్ల అతడు నీటిలోకి దూకి తప్పించుకున్నాడు. వచ్చే ఆదివారం ఆమెకు పొరబాటు నాదేనని చెప్పి, ముందుగా ఆ మూడు పాచికలు వేయించి, కథను పంటు అంచు దగ్గర నుంచే మొదలుపెడతాను.