బీరుకి 'ఘాటు' అనొచ్చా?

అరండల్‌పేట, గుంటూరు:
గ్రూపులో పెద్దలకి ఒక ప్రశ్న. మా బావ అమెరికాలో ఉంటాడు. ఇంట్లో బీరు తయారుచేయడం ఆయన సరదా. అక్కడి తెలుగు మిత్రులకి ఇవ్వడానికి ఆ పద్ధతంతా తెలుగులో ఒక పేజీ రాసిపెట్టమన్నాడు. నానబెట్టడం, కాచడం, పులియబెట్టడం దాకా సాఫీగానే నడిచింది. 'స్ట్రెంగ్త్' దగ్గర ఆగాను. "మీకు కావలసినంత ఘాటు రావాలంటే" అని రాస్తే మా అక్క చదివి, ఇది బీరా, పచ్చడా అంది. మంచి మాట చెప్పండి.
చట్టం సంగతి ముందే చెప్పేస్తున్నా. అక్కడ సొంత వాడకానికి 1978లోనే అనుమతిచ్చారు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. మన దగ్గర 1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేనిదే కుదరదు. కాబట్టి నాకు కావలసింది మాటే, సరుకు కాదు.

బ్రాడీపేట:
అక్కగారి మాటే కరెక్టు. ఘాటు ముక్కుకీ గొంతుకీ తగిలేది. మన మిర్చి యార్డులో అడుగుపెడితే తెలిసేది ఘాటు. ఆవపిండికి, పొగాకుకి, నాటుసారాకి కూడా నప్పుతుంది. బీరులో ఉండే 5 శాతం ఆల్కహాల్‌కి ఘాటేముంది? హాప్స్ (బీరుకి చేదు ఇచ్చే పూలు) దండిగా వేస్తే చేదెక్కుతుంది. తాగినవాడు 'అబ్బో స్ట్రాంగ్' అంటాడు, కొలిస్తే నాలుగు శాతం కూడా ఉండకపోవచ్చు.

తెనాలి:
కైపు అనండి, హాయిగా ఉంటుంది.

బ్రాడీపేట:
వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ కైపు ఉండేది తాగినవాడిలో, సీసాలో కాదు. మత్తు, నిషా, కిక్కు అన్నీ అంతే. ఖాళీ కడుపున తాగితే ఒక కైపు, పెళ్లి భోజనం చేసి తాగితే ఒక కైపు. ఆయనకి కావలసింది ద్రవంలో ఎంతుందో చెప్పే మాట.

పటమట, విజయవాడ:
వైన్ షాపు దగ్గర నిలబడి వినండి సార్. 'లైటా, స్ట్రాంగా' అని అడుగుతారు, అందరికీ అర్థమైపోతుంది. ఇంత చర్చ ఎందుకు?

గవర్నర్‌పేట, విజయవాడ (రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్):
షాపులో కొనేవాడికి ఆ రెండు మాటలు చాలు. తయారుచేసేవాడికి చాలవు బాబూ. అతను 5 శాతం అనుకుని మొదలుపెడతాడు. ఏం కొలుస్తాడో తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుంది.
బార్లీ మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, వేడి నీళ్లలో నానబెడితే పిండి పదార్థం చక్కెరగా మారి నీళ్లలోకి దిగుతుంది. చక్కెర కరిగిన నీళ్లు మామూలు నీళ్లకన్నా బరువు. దీన్ని కొలిచేది ద్రవంలో తేలే హైడ్రోమీటర్‌తో. నీటిని 1.000 అనుకుంటే ఈ తీపి నీళ్లు 1.050 తూగాయనుకోండి. అది మొదటి అంకె. ఈస్ట్ వేశాక చక్కెర సగానికి సగం ఆల్కహాల్‌గా, తక్కినది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. గ్లూకోజు 180 గ్రాములైతే ఆల్కహాల్ 92, గ్యాసు 88. గ్యాసు బయటికి పోతుంది, ఆల్కహాల్ నీటికన్నా తేలిక. అందుకే అంకె దిగుతూ వస్తుంది. పులియడం పూర్తయ్యాక 1.012 దగ్గర ఆగిందనుకుందాం. తేడా 0.038. దాన్ని 131.25తో గుణిస్తే 5 శాతానికి అటూ ఇటూగా వస్తుంది. ఘనపరిమాణంలో శాతం అన్నమాట, బరువులో కాదు.
ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేం. రెండిటికీ పేర్లు పెట్టాలి. బళ్లో చెప్పిన 'సాపేక్ష సాంద్రత' ఉండనే ఉంది. తొలి సాంద్రత, తుది సాంద్రత అంటే సరి.

తెనాలి:
మా ఊళ్లో పాలకేంద్రంలో వాడే లాక్టోమీటర్ కూడా ఇదే కదండీ? 28 దగ్గర తేలిందంటే 1.028 అని. పాలవాళ్లు 'చిక్కదనం' అంటారు. సాంద్రత అంటే మళ్లీ తొమ్మిదో తరగతికి వెళ్లినట్టుంటుంది. తొలి చిక్కదనం, తుది చిక్కదనం అనండి.

గవర్నర్‌పేట:
పనిముట్టు సూత్రం అదే, ఒప్పుకుంటాను. మాట మాత్రం ఒప్పుకోను. పాదరసం ఎంత బరువో మీకు తెలుసు, అది చిక్కనా? ఆముదం చిక్కన, కానీ నీళ్ల మీద తేలుతుంది. పైగా పాలలో వెన్న ఎక్కువైతే లాక్టోమీటర్ అంకె తగ్గుతుంది, మనమేమో వాటినే చిక్కటి పాలంటాం. చిక్కదనం చేతికి తెలిసేది, సాంద్రత తూకానికి తెలిసేది.

అరండల్‌పేట:
మాస్టారూ, భేషుగ్గా ఉంది. ఇక్కడే ఇంకో చిక్కు. బావకి ఒకసారి 1.050తో మొదలై 1.020 దగ్గర ఆగిపోయిందట. 5 అనుకుంటే 4 కూడా రాలేదు. దాన్ని 'సరిగా పులవలేదు' అని రాయనా?

గవర్నర్‌పేట:
నానబెట్టిన నీళ్ల వేడి ఎంతో అడిగారా? 70 డిగ్రీల సెంటీగ్రేడ్‌కి దగ్గరగా ఉంటే ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువగా తయారవుతాయి. పులియాల్సినదంతా పులిసే ఉంటుంది, మిగిలింది పులిసే రకం కాదు. 65 దగ్గర ఉంచితే అంకె ఇంకా కిందికి దిగుతుంది. అలా కాకుండా ఈస్ట్ మధ్యలో చతికిలబడితే అది వేరు, దానికి 'సరిగా పులవలేదు' నప్పుతుంది. చలికి అలా అవుతుంది. ఈ రెండిటినీ ఒకే మాటతో రాస్తే చదివినవాడు మళ్లీ ఈస్ట్ తెచ్చి పోస్తాడు, డబ్బు దండగ.

పటమట:
పంచదార కుమ్మరిస్తే అయిపోదా సార్?

గవర్నర్‌పేట:
పెరుగుతుంది. 20 లీటర్లలో అరకిలో వేస్తే సుమారు ఒకటిన్నర శాతం. పంచదార పూర్తిగా పులిసిపోతుంది కాబట్టి బీరు పల్చబడుతుంది, రుచి బోసిపోతుంది. మాల్ట్ పెంచడమో, నీళ్లు తగ్గించడమో మేలు. ఈస్ట్‌కీ ఓ హద్దుంది. ఆల్కహాల్ ఎక్కువయ్యే కొద్దీ అదే నీరసిస్తుంది.

బ్రాడీపేట:
మన వాళ్లు 'డిగ్రీ' అని కూడా అంటారు. విస్కీ సీసా మీద 75 డిగ్రీల ప్రూఫ్ (ఆల్కహాల్ ఎంతుందో చెప్పే పాత కొలత) అని రాసేవారు, దాన్నే 25 అండర్ ప్రూఫ్ అనీ అంటారు. బ్రిటిష్ లెక్కలో 100 ప్రూఫ్ అంటే 57.15 శాతం, దాంట్లో ముప్పాతిక 42.8. అమెరికా లెక్కలో ప్రూఫ్ అంటే శాతానికి రెట్టింపు. బావగారుండేది అమెరికా, చదివేవాళ్లు తెలుగువాళ్లు. డిగ్రీ జోలికి పోకండి.

అరండల్‌పేట:
పోను. అయితే 'ఆల్కహాల్ శాతం' అనేనా?

బ్రాడీపేట:
అంకె ఉన్నచోట శాతం. అంకె లేనిచోట 'పాళ్లు'. "ఆల్కహాల్ పాళ్లు పెరగాలంటే", "పాళ్లు తగ్గాయంటే" అని చూడండి, నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో. ఇంకొకటి, 'బీరు కాయడం' అని మాత్రం రాయకండి. మన చెవికి కాయడమంటే నాటుసారానే. గుంటూరులో బావగారి అమ్మగారు చదివితే టెన్షన్ పడతారు.

అరండల్‌పేట:
హహ, అత్తయ్య ఇప్పటికే పడుతోంది. మార్చి రాశాను, చూడండి:
"ఈస్ట్ వేయకముందు తొలి సాంద్రత, పులియడం ఆగాక తుది సాంద్రత రాసుకోండి. వరుసగా రెండు మూడు రోజులు అంకె కదలకపోతే ఆగినట్టు. తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. పాళ్లు పెరగాలంటే మాల్ట్ పెంచండి, లేదా నీళ్లు తగ్గించండి."

గవర్నర్‌పేట:
బాగుంది. ఒక వాక్యం కలపండి. హైడ్రోమీటర్ సాధారణంగా 20 డిగ్రీలకి సరిచేసి ఉంటుంది. 35 డిగ్రీల ద్రవంలో వేస్తే 1.050 ఉన్నది 1.046గా కనిపిస్తుంది. చల్లార్చి కొలవమనండి.

తెనాలి:
సీసాల్లో గ్యాసు కోసం చివర్లో వేసే పంచదార లెక్కలోకి రాదా మాస్టారూ?

గవర్నర్‌పేట:
వస్తుంది. 20 లీటర్లకి 120 గ్రాములు వేస్తే మరో 0.4 శాతం దాకా. రాయమనండి.